కాఫీ తాగితే చదివింది గుర్తుంటుందా? అపోహలు - వాస్తవాలు

నేను నరాల డాక్టర్‌ని. పరీక్షల కాలం వచ్చిందంటే ఓపీలో ఈ ప్రశ్న తప్పదు. అడిగే పిల్లల్లో చాలామంది అప్పటికే రోజుకు నాలుగైదు కప్పుల దాకా వెళ్లిపోయి ఉంటారు.

అపోహ: కాఫీ జ్ఞాపకశక్తిని పెంచుతుంది

మేలుకొని ఉన్నంతసేపూ మెదడులో అడెనోసిన్ అనే రసాయనం పోగవుతుంటుంది. అది మెదడు కణాల మీద తనకోసం ఉన్న సీట్లలో (రిసెప్టార్లలో) కుదురుకుంటే మగత కమ్ముతుంది. కాఫీలోని కెఫీన్ ముందే వెళ్లి అక్కడ కర్చీఫ్ వేసేస్తుంది. అడెనోసిన్ ఎక్కడికీ పోదు, కాచుకుని ఉంటుంది. అంటే అలసట తీరలేదు, మనకు తెలియడం లేదంతే. మగత లేదు కాబట్టి మనసు పెట్టి చదువుతాం, అందుకే కాస్త ఎక్కువ గుర్తుంటుంది.

2014లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ పరిశోధకులు కొందరికి బొమ్మలు చూపించి, ఆ తర్వాత 200 మిల్లీగ్రాముల కెఫీన్ మాత్ర ఇచ్చారు. మర్నాడు, చూసిన బొమ్మకూ అలాంటిదే మరో బొమ్మకూ తేడా పట్టడంలో వాళ్లు, కెఫీన్ లేని మాత్ర వేసుకున్నవాళ్ల కంటే కొంచెం ముందున్నారు. 'ఇది నిన్న చూశానా, లేదా' అన్నదాంట్లో మాత్రం తేడా లేదు. పైగా వాళ్లు కెఫీన్ అలవాటు పెద్దగా లేనివాళ్లు. 2020లో మరో బృందం ఇదే పరీక్షించి, ప్రభావం ఉన్నా చిన్నదేనని తేల్చింది. ఇంత చిన్న లాభాన్ని నమ్ముకుని ఎవరికీ మాత్రలు రాయను.

అపోహ: నైటంతా కాఫీతో చదివితే సిలబస్ బుర్రలో ఉంటుంది

నాకు చిరాకు తెప్పించేది ఇదే. "రాత్రంతా చదివాను సార్, హాల్లో పేపర్ చూడగానే బ్లాంక్ అయిపోయింది" అన్నాడొక కుర్రాడు. టెన్షన్ కూడా ఉండొచ్చు. కానీ పగలు చదివింది నిలకడగా నాటుకునేది నిద్రలో, ముఖ్యంగా గాఢనిద్రలో. ఆ నిద్రనే అతను వదిలేశాడు. కెఫీన్ సగానికి తగ్గడానికే సుమారు 5 గంటలు పడుతుంది. రాత్రి 8కి 200 మిల్లీగ్రాములు తీసుకుంటే ఒంటిగంటకు ఇంకా 100 ఒంట్లో ఉంటుంది. 2013 నాటి ఒక అధ్యయనంలో, పడుకోవడానికి 6 గంటల ముందు 400 మిల్లీగ్రాములు తీసుకున్నా గంటకు పైగా నిద్ర తగ్గింది. తగ్గిందని వాళ్లకే తెలియలేదు! "నాకు కాఫీ తాగినా నిద్ర పట్టేస్తుంది" అనేవాళ్లు ఇది గమనించాలి.

అపోహ: కెఫీన్ అందరి ఒంట్లోనూ ఒకేలా పనిచేస్తుంది

లేదు. పొగతాగేవాళ్లలో త్వరగా కరిగిపోతుంది, గర్భిణుల్లో చాలాసేపు ఉండిపోతుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దలకు రోజుకు 400 మిల్లీగ్రాముల దాకా పర్వాలేదంటారు. గర్భిణులు 200 దాటకూడదు.

అపోహ: ఉదయం కాఫీ పడకపోతే బుర్ర పనిచేయదు, కాబట్టి బుర్రకు కాఫీ కావాలి

అది అలవాటు తప్పడం వల్ల వచ్చే ఇబ్బంది. ఆపేసిన 12 నుంచి 24 గంటల్లో తలనొప్పి, నీరసం, దేనిమీదా మనసు నిలవకపోవడం మొదలై కొన్ని రోజులుంటాయి. ఉదయం కప్పు ఇచ్చే హుషారులో కొంత ఈ లోటు తీరడమే. మానాలనుకుంటే పరీక్షల వారంలో మొదలుపెట్టకండి. ముందు సాయంత్రం కప్పు తీసేయండి, తర్వాత రెండు మూడు రోజులకు అర కప్పు చొప్పున తగ్గించండి.