మంత్రి మారితే శాఖ మారినట్టేనా? ఫైళ్ల మధ్య నుంచి కొన్ని అపోహలు, వాస్తవాలు

ఢిల్లీలో కేంద్ర సచివాలయంలో సెక్షన్ ఆఫీసర్‌గా పనిచేసి, అండర్ సెక్రటరీగా రిటైరయ్యాను. మంత్రివర్గ విస్తరణ అనగానే ఊరి నుంచి ఒకటే ఫోన్లు వచ్చేవి: "మనవాళ్లకి ఏమొచ్చింది? ఎవర్ని తీసేశారు?" ఆ ఆత్రుత నాకూ ఉండేది. కానీ సెక్షన్‌లో కూర్చున్నవాడికి అంతకంటే పెద్ద ప్రశ్న ఇంకోటి ఉంటుంది. మారింది మంత్రి ఒక్కరేనా, శాఖ పరిధి, అంటే అది చూసే విషయాలు కూడానా? టీవీ చర్చల్లో ఈ రెండూ కలిపేస్తుంటే బాధగా ఉంటుంది. ఎందుకంటే జనం పనులు ఆగిపోయేది ఎక్కువగా రెండో దాని దగ్గరే.

అపోహ: మంత్రులు ఫలానా శాఖకంటూ ప్రమాణం చేస్తారు.

ప్రమాణ పాఠంలో శాఖ పేరే ఉండదు. రాజ్యాంగం మూడో షెడ్యూలులో ఉన్నది కేంద్ర మంత్రిగా బాధ్యతలు నిర్వర్తిస్తానని, రహస్యాలు కాపాడతానని చేసే ప్రమాణం మాత్రమే. శాఖల కేటాయింపు ప్రధాని సలహా మేరకు రాష్ట్రపతి భవన్ నుంచి విడిగా ప్రకటనగా వస్తుంది. అందుకే శాఖ మారినంత మాత్రాన మళ్లీ ప్రమాణం అక్కర్లేదు. 2023 మే 18న కిరణ్ రిజిజును న్యాయశాఖ నుంచి భూవిజ్ఞాన శాఖకు మార్చి, అర్జున్ రామ్ మేఘ్‌వాల్‌కు న్యాయశాఖను స్వతంత్ర హోదాలో, అంటే పైన కేబినెట్ మంత్రి లేకుండా సహాయ మంత్రిగా చూసుకునేలా, ఇచ్చారు. ప్రమాణ స్వీకార కార్యక్రమమేమీ లేదు, ఒక్క ప్రకటనతో అయిపోయింది. సహాయ మంత్రి కేబినెట్ మంత్రి అయితే మాత్రం మళ్లీ ప్రమాణం ఉంటుంది. 2021 జూలై 7న కిషన్ రెడ్డి అలాగే చేశారు.

అపోహ: మార్పులకు పార్లమెంటు ఆమోదం కావాలి.

అవసరం లేదు. 75వ అధికరణ ప్రకారం ప్రధాని సలహా ఇస్తారు, రాష్ట్రపతి నియమిస్తారు. లోక్‌సభకు మంత్రిమండలి మొత్తం ఉమ్మడిగా జవాబుదారీ. సంఖ్యకు మాత్రం హద్దుంది. 2003 నాటి 91వ సవరణ ప్రకారం ప్రధానితో కలిపి మంత్రుల సంఖ్య లోక్‌సభ సభ్యుల్లో 15 శాతం దాటకూడదు. అంటే 543కు 81 మంది. 2024 జూన్ 9న ప్రమాణం చేసినవాళ్లు ప్రధానితో కలిపి 72 మంది.

అపోహ: ఎంపీ కాకపోతే మంత్రి కాలేరు.

కావచ్చు, కానీ ఆరు నెలల్లోగా ఏదో ఒక సభలో సభ్యులు కావాలి. 1991 జూన్ 21న ప్రమాణం చేసిన రోజు ఆర్థికమంత్రి మన్మోహన్ సింగ్ ఎంపీ కాదు. ప్రధాని పీవీ కూడా కాదు, ఆ తర్వాత నంద్యాల ఉప ఎన్నికలో గెలిచి లోక్‌సభకు వచ్చారు.

అపోహ: శాఖ పోయిందంటే సరిగ్గా పనిచేయలేదనే.

ఈ మాట విన్నప్పుడల్లా నేను వాదనకు దిగుతాను. రాష్ట్రపతి భవన్ ప్రకటనలో కారణం ఉండదు. ఫలానావారి రాజీనామా ఆమోదించారు, ఫలానావారికి ఈ శాఖ ఇచ్చారు, అంతే ఉంటుంది. 2012 అక్టోబర్ 28న జైపాల్ రెడ్డిని పెట్రోలియం నుంచి సైన్స్ అండ్ టెక్నాలజీకి మార్చారు. అదే రోజు పళ్లంరాజుకు కేబినెట్ హోదా, చిరంజీవికి స్వతంత్ర హోదాలో పర్యాటకం వచ్చాయి. ఎవరికి తోచిన కారణం వాళ్లు చెప్పుకున్నారు. 1963లో కాంగ్రెస్ నేత కామరాజ్ సూచించిన పథకం కింద ఆరుగురు కేంద్ర మంత్రులు పదవులు వదిలారు. అది పార్టీ పని కోసం. వాళ్లలో మన బెజవాడ గోపాలరెడ్డి ఉన్నారు, లాల్ బహదూర్ శాస్త్రి ఉన్నారు. ఏడాది తిరక్కుండానే శాస్త్రి ప్రధాని అయ్యారు.

అపోహ: మంత్రి మారితే పాత మంత్రి ఇచ్చిన మాట చెల్లదు.

బయట సభల్లో చెప్పిన మాట సంగతి నేను చెప్పలేను. పార్లమెంటులో మంత్రి "పరిశీలిస్తాం", "వివరాలు సేకరించి సభ ముందు ఉంచుతాం" అంటే చాలాసార్లు అది హామీగా నమోదవుతుంది. మామూలుగా మూడు నెలల్లో తీర్చాలి. తీర్చకపోతే ఎంపీలతో కూడిన హామీల కమిటీ శాఖనే అడుగుతుంది, ఆ మనిషిని కాదు. తలుపు మీద పేరు పలక మారిన రోజు కూడా మా పార్లమెంట్ సెక్షన్‌లో పెండింగ్ హామీల రిజిస్టర్ మారలేదు. కొత్త మంత్రి పేషీకి వెళ్లే మొదటి కాగితాల్లో ఆ జాబితా ఒకటి.

అపోహ: కొత్త శాఖ పెట్టాలంటే చట్టం చేయాలి.

1961 నాటి కార్య కేటాయింపు నియమాలు ఉన్నాయి. ఏ విషయం ఏ శాఖది అన్నది వాటి షెడ్యూలులో ఉంటుంది. దాన్ని సవరిస్తూ కేబినెట్ సెక్రటేరియట్ గెజిట్‌లో నోటిఫికేషన్ ఇస్తే చాలు. 2021 జూలై 6న, అంటే 43 మంది ప్రమాణ స్వీకారానికి ముందు రోజు, సహకార మంత్రిత్వ శాఖ అలాగే పుట్టింది. అప్పటిదాకా అది వ్యవసాయ శాఖలో భాగం. అప్పుడే ప్రభుత్వ రంగ సంస్థల విభాగం భారీ పరిశ్రమల నుంచి ఆర్థిక శాఖ కిందికి వెళ్లింది. మర్నాటి ప్రమాణాల హడావుడిలో దాని గురించి మాట్లాడినవాళ్లు తక్కువ.

పరిధి మారితే కింద ఏమవుతుందో నా సెక్షన్‌లోనే చూశాను. చాలా ఏళ్ల కిందట ఒక మార్పులో మా దగ్గరున్న ఒక పథకం వేరే మంత్రిత్వ శాఖకు వెళ్లింది. గెజిట్‌లో ఒక్క లైను. శ్రీకాకుళం వైపు ఒక చిన్న సంఘానికి రావాల్సిన రెండో విడత గ్రాంటు ఫైలు అప్పుడు నా టేబుల్ మీదే ఉంది. "ఈ విషయం ప్రస్తుతం మా పరిధిలో లేదు" అని నోట్ రాసి పంపేశాను. నియమం ప్రకారం అది సరైనదే. అవతలివాళ్లు వెనక్కి పంపారు: విషయం వచ్చింది గానీ పోస్టులు రాలేదు, బడ్జెట్ పద్దు ఇంకా మీ పేరు మీదే ఉంది అని. అలా అయిదు నెలలు ఫైలు అటూ ఇటూ తిరిగింది.

మార్చిలో ఆ సంఘం పెద్దాయన స్వయంగా వచ్చారు. రెండు రాత్రులు రైల్లో కూర్చుని వచ్చిన మనిషి. సంచిలోంచి ప్లాస్టిక్ కవరు, అందులోంచి గెజిట్ జెరాక్సు కాపీ తీశారు. ఆ ఒక్క లైను కింద ఎర్ర పెన్నుతో గీత గీసి ఉంది. వేలు దాని మీద పెట్టి అడిగారు: "ఇందులో మా సంఘం డబ్బులు ఎవరి దగ్గరున్నాయో రాసుందా బాబూ?"

రాసి లేదు. ఆయన్ని నా కుర్చీ పక్కనే కూర్చోబెట్టి, అవతలి శాఖ అండర్ సెక్రటరీకి ఫోన్ చేశాను. సాయంత్రానికి ఆ అధికారే ఫైలు పట్టుకుని మా భవన్‌కి వచ్చారు. ఇద్దరం కలిసి ఒకే నోట్ రాశాం: పద్దు పాత శాఖది, మంజూరు కొత్త శాఖది, విడుదల ఈ ఆర్థిక సంవత్సరంలోనే జరగాలి. మార్చి 31 దాటితే ఆ డబ్బు మురిగిపోయేది. 29న విడుదలైంది.