గుమ్మిలో చెట్టు

జనవరి నెల. ఒహాయోలో ఉండే మా అక్క కొడుకు వీడియో కాల్ చేసి ఇంటి ముందరి జాగా చూపించాడు. అంతా మంచు. మధ్యలో మనిషెత్తున గుండ్రంగా ఇనుప జాలి, దాని నిండా ఎండుటాకులు, పైన ఒక చెక్క మూత. నకిరేకల్ దగ్గర మా ఊళ్లో అరుగు మీద కూర్చొని చూస్తున్న చిన్నాయన, "గదేందిరా, అమెరికాల గుమ్మి కట్టినవ్? ఏం వడ్లు వోసినవ్?" అన్నాడు.

"వడ్లు కాదు తాతా, లోపల చెట్టున్నది. మన తాడి జాతే. చలికి చావకుండ కప్పిన."

చిన్నాయన నలభై ఏళ్లు మోకు కట్టి తాళ్లెక్కిన మనిషి. ఎంత చలి, ఎన్ని నెలలు అని అడగలేదు. "మొవ్వు బాగున్నదా?" అన్నాడు.

చలిదేశాల్లో ఈ చెట్లు పెంచేవాళ్ల తిప్పలన్నీ ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే.

వేపచెట్టును మోడు చేసినా పక్కనుంచి చిగురేస్తుంది. దాని బెరడు కింద ఏటేటా పెరిగే పొర ఉంది, ఒంటి నిండా నిద్రపోతున్న మొగ్గలున్నాయి. తాడి, ఈత, కొబ్బరి, ఖర్జూరం ఉన్న కుటుంబానికి ఆ సౌకర్యం లేదు. ఒక్కో కాండానికి పెరిగే చోటు ఒక్కటే, మట్టల నడుమ దాక్కున్న మొవ్వు. అది చస్తే ఆ కాండం పని అయిపోయినట్టే. ఈతచెట్టును తల కిందనే చెక్కి కల్లు తీస్తారు కదా, ఈ ఏడు ఒక పక్క గీస్తే మరుసటేడు రెండో పక్క. కత్తి మొవ్వు దాకా పోయిందంటే చెట్టు దక్కదు. గీత పనిలో మొదట నేర్చుకునే భయం అది.

ఒహాయోలో ఆ కత్తి చలి. మన దగ్గర పది డిగ్రీలకు పడితేనే మంకీ క్యాప్‌లు బయటికొస్తాయి. అక్కడ కొన్ని రాత్రులు మైనస్ 18 దాకా పోతుంది. అక్కడి మేపుల్ చెట్టు ఆకులు రాల్చేసి చలికాలమంతా పడుకుంటుంది. తాడి కుటుంబానికి పడుకోవడం రాదు. ఆకులు అట్లాగే ఉంటాయి, ఎండ పడితే నీళ్లడుగుతాయి, కింద నేలేమో గడ్డకట్టి ఉంటుంది. కణాల సంగతి ఇంకా కష్టం. మంచు ముందు కణాల బయటి నీటిలో మొదలై లోపలి నీటిని లాగేస్తుంది. అంతవరకు కొన్ని జాతులు ఓర్చుకుంటాయి. మంచు కణం లోపలికే వచ్చిందంటే పొరలు చిరిగిపోతాయి. పైగా కాండంలో నీళ్లు మోసే గొట్టాలు ఒకసారి ఏర్పడినవే చెట్టు బతికినంత కాలం పనిచేయాలి. మేపుల్‌కైతే ఏటా కొత్తవి పుట్టుకొస్తాయి.

ఈ కుటుంబం చలికి ఎంత లొంగుతుందో శాస్త్రవేత్తలకు బాగా తెలుసు కాబట్టే దాన్ని థర్మామీటర్‌లా వాడుకున్నారు. ఆర్కిటిక్ సముద్రం అడుగు మట్టిలో సుమారు 5.3 కోట్ల ఏళ్ల నాటి తాడి కుటుంబపు పుప్పొడి దొరికింది. అది చూసి, ఆ రోజుల్లో ధ్రువం దగ్గర కూడా చలికాలపు సగటు 8 డిగ్రీల కంటే దిగలేదని లెక్కకట్టారు.

కొబ్బరి సున్నా దగ్గరికి వస్తేనే డీలా పడుతుంది. మావాడు పెట్టింది ట్రాకీకార్పస్ ఫార్చునై అనే చైనా కొండజాతి. 1849లో రాబర్ట్ ఫార్చూన్ అనే ఆయన చైనా నుంచి ఇంగ్లండ్‌కు పంపాడు, పేరులోని ఫార్చునై ఆయనదే. దాదాపు మైనస్ 15 దాకా తట్టుకుంటుంది. కాండం చుట్టూ దట్టంగా గోధుమరంగు నార, అచ్చం గొంగడి కప్పుకున్న గొర్లకాపరిలా. చైనాలో ఆ నారతోనే వానకు కప్పుకునేవి అల్లేవారు. దీనికి అనుకూలించిందంటే ఆపడం కూడా కష్టమే. స్విట్జర్లాండ్ దక్షిణాన టిచినో అడవుల్లోకి పాకి అక్కడి మొక్కలను తొక్కేస్తుంటే, 2024 సెప్టెంబర్ నుంచి ఆ దేశం దీని అమ్మకాన్నే నిషేధించింది.

దీనికంటే మొండిది అమెరికా ఆగ్నేయంలో పుట్టిన సూదుల తాడి. మైనస్ 20 కూడా దానికి లెక్కలేదు. కారణం పొట్టితనం. మొవ్వు నేలకు ఆనుకొని ఉంటుంది, నేల గాలంత తొందరగా చల్లబడదు. దాని చుట్టం సబల్ మైనర్ అయితే కాండాన్నే మట్టిలో దాచుకుంటుంది. ఇది మనకు కొత్తేం కాదు. తాటిగింజ మొలిచేటప్పుడు మొలకను కిందికి, మట్టిలో లోతుకు దింపుతుంది. మనం తవ్వుకొని కాల్చుకు తినే గేగు అదే. గేగుగా ఉన్నన్నాళ్లు, ఆ తర్వాత కొన్నేళ్లు కూడా తాడి మొవ్వు నేల కిందే. పైన మంట పోయినా, గొర్రె కొరికినా లోపలిది భద్రం. మన తాడి ఎండకూ నిప్పుకూ భయపడి నేర్చిన విద్య సబల్‌కు చలిలో పనికొచ్చింది.

మావాడి చెట్టుకు ఆ విద్య లేదు, అందుకే గుమ్మి. మట్టలను పైకి దగ్గరగా తీసి కట్టాలి, చెట్టు మొదలు చుట్టూ జానెడు మందం ఎండుటాకులు పరచాలి, కాండానికి బట్ట చుట్టాలి. మరీ చలి పడే రాత్రులకు లోపల పాతరకం సీరియల్ బల్బులు. మొదటి ఏడాది వాడు కరెంటు బిల్లు చూసుకొని ఎల్ఈడీలు పెట్టాడు. వెలుగు బాగానే వచ్చింది, వేడి రాలేదు. ఇక్కడ కావలసింది పాత బల్బు దుబారానే. రెండు డిగ్రీలకు పడగానే వెలిగి, ఏడు దాటగానే ఆరిపోయే ప్లగ్గు ఒకటి దొరుకుతుంది, ఇప్పుడు దాంతో టెన్షన్ లేదు.

నన్నడిగితే చలికంటే తడి పెద్ద శత్రువు. మొవ్వులోకి దిగిన నీళ్లు గడ్డకడతాయి, కరుగుతాయి, మళ్లీ గడ్డకడతాయి. దెబ్బతిన్న లేత భాగంలో బూజు, బ్యాక్టీరియా చేరతాయి. కొబ్బరి రైతులు వానాకాలంలో భయపడే మొవ్వుకుళ్లు లాంటిదే ఇది కూడా. చెక్క మూత ఆ నీళ్ల కోసమే. ప్లాస్టిక్ కవరు చుట్టి గాలాడకుండా చేసేవాళ్లు లోపలి చెమటతో తామే చెట్టును కుళ్లబెడతారు.

ఏప్రిల్‌లో గుమ్మి విప్పారు. వీడియోలో చిన్నాయన, "నడుమ పుల్ల వట్టుకొని మెల్లగ గుంజు" అన్నాడు. నడుమ పుల్లంటే ఇంకా విచ్చుకోని లేత ఆకు. గుంజితే చేతిలోకి వచ్చేసింది. మొదలు మెత్తగా, కుళ్లు వాసన. మావాడి ముఖం పాలిపోయింది. కానీ ఊడొచ్చిన ఆకు మొదలుకంటే అసలు పెరిగే చోటు ఇంకా కిందికి ఉంటుంది. మొవ్వును ఆరబెట్టి రాగిమందు కొట్టాడు, మన మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమం లాంటిదే.

మే నెలలో మధ్యనుంచి చిన్న పుల్ల కనపడింది. అది పాతదా, కొత్తగా వస్తున్నదా తెలియక, ఆ పుల్ల మీదా పక్క మట్ట మీదా కలిపి మార్కర్‌తో ఒక గీత గీశాడు. జూన్ రెండో వారానికి పుల్ల మీది గీత, మట్ట మీది గీత కంటే రెండు వేళ్లంత పైకి జరిగింది.