నాక్సోస్ కాలిబాటలు: అపోహలు - వాస్తవాలు

గ్రీసులోని నాక్సోస్ దీవిలో కాలినడకన తిరగడానికి వచ్చేవాళ్లకు దారి చూపించడం నా పని. ఈ మధ్య మన తెలుగువాళ్లూ వస్తున్నారు. బయల్దేరే ముందు వాళ్లు ఫోన్లో అడిగేవాటిలో కొన్ని మాటలు మళ్లీ మళ్లీ వినిపిస్తుంటాయి.

అపోహ: దీవిలో నడక అంటే బీచ్ వెంట నడవడమే.

వాస్తవం: సైక్లడీస్ అనే గ్రీకు దీవుల గుంపులో నాక్సోసే పెద్దది, దాదాపు 430 చదరపు కిలోమీటర్లు. హల్కి, ఫిలోటి, అపీరాంథోస్ లాంటి పాత ఊళ్లు లోపల కొండల మధ్య ఉన్నాయి. ఒడ్డున ఊరుంటే సముద్రపు దొంగలు వచ్చి పడేవాళ్లు. అందుకే జనం లోపలికి జరిగి స్థిరపడ్డారు. బాటలు కూడా ఊరి నుంచి ఊరికి, ఊరి నుంచి పొలానికి పోతాయి. త్రాగెయా లోయలో ఆలివ్ చెట్ల కింద నడుస్తుంటే మనం దీవిలో ఉన్నామన్న సంగతే మర్చిపోతాం. చెట్ల మధ్య బైజాంటిన్ (మధ్యయుగాల తూర్పు రోమన్ సామ్రాజ్యం) కాలపు చిన్న చిన్న రాతి చర్చిలు కనిపిస్తాయి. వాటి దగ్గర ఆగకుండా ముందుకు పోవడం నాకిష్టం ఉండదు.

అపోహ: ఈ రాతి బాటలు టూరిస్టుల కోసం వేసినవి.

వాస్తవం: రాళ్లు పరిచిన ఈ బాటను ఇక్కడ కల్దెరిమి అంటారు. మోటారు రోడ్లు రాకముందు ఇవే రహదారులు. ధాన్యం, ఆలివ్ నూనె, కట్టెలు అన్నీ గాడిదల మీద, కంచరగాడిదల మీద వీటి వెంటే వెళ్లేవి. మెట్లు చూడండి: వెడల్పు ఎక్కువ, ఎత్తు తక్కువ. బరువు మోసే జంతువు అడుగుకు సరిపోయేలా కట్టారు. రెండు పక్కలా ఉండే గోడల్లో సున్నం గానీ సిమెంటు గానీ లేదు, రాయి మీద రాయి కుదిర్చి పేర్చినవే. గ్రీసుతో పాటు మరికొన్ని దేశాల్లో ఉన్న ఈ పనితనాన్ని 2018లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది. ఫొటో కోసం గోడ ఎక్కొద్దని నేను గట్టిగా చెప్పేది అందుకే. ఒక్క రాయి కదిలితే వచ్చే వానాకాలంలో గోడ అక్కడే కూలుతుంది. దారిలో తీగతో కట్టిన గేటు ఎదురైతే విప్పి దాటండి, మళ్లీ అలాగే కట్టేయండి. మీరు వదిలేస్తే మేకలు ఎవరో ఒకరి తోటలో పడతాయి.

అపోహ: అలిపిరి మెట్లెక్కినవాళ్లకు జాస్ కొండ ఒక లెక్కా?

వాస్తవం: అలిపిరిలో మెట్లు 3,550 అయినా పైన కప్పుంటుంది, దారిలో నీళ్లు దొరుకుతాయి. జాస్ 1,000 మీటర్లు దాటిన కొండ, సైక్లడీస్‌లో అన్నిటికన్నా ఎత్తైనది. పైభాగంలో నీడే ఉండదు. ఆరియా ఊట వైపు నుంచి వెళ్తే, గ్రీకు పురాణాల్లో దేవతల రాజైన జ్యూస్ పెరిగాడని చెప్పుకునే గుహ దాటాక దారి నిటారుగా ఉంటుంది, కాలికింద రాళ్లు జారతాయి. ఆ వైపు నుంచి నేనెవర్నీ కిందికి దించను. ఆయియా మరీనా చర్చి వైపు దారి నెమ్మదిగా ఎక్కుతుంది. ఇది జ్యూస్ కొండ అని ప్రాచీన కాలంలో చెక్కిన రాయి కూడా ఆ దారిలోనే ఉంది. ఎటు వెళ్లినా మనిషికి 2 లీటర్ల నీళ్లు ఉండాలి.

అపోహ: గాలి బాగా వీస్తుంది కాబట్టి ఎండ దెబ్బ తగలదు.

వాస్తవం: నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే. జూలై, ఆగస్టుల్లో ఉత్తరం నుంచి మెల్తెమి అనే గాలి రోజుల తరబడి వీస్తుంది, పైన మబ్బు తునక కూడా ఉండదు. చెమట పట్టీ పట్టకముందే ఆరిపోతుంది కాబట్టి ఒంట్లో నీళ్లు తగ్గుతున్నట్టే తెలియదు. దాహం లేదంటూ నడిచిన ఒకాయన ఉన్నట్టుండి కళ్లు తిరిగి కూర్చుండిపోయారు. అప్పటి నుంచి అరగంటకోసారి అందరినీ ఆపి, నా ఎదురుగానే నీళ్లు తాగిస్తున్నాను. కొండ అంచున ఈ గాలి మనిషిని పక్కకు నెట్టేయగలదు. ఫెర్రీలు కూడా ఆగిపోతుంటాయి, తిరుగు ప్రయాణానికి ఒక రోజు అదనంగా పెట్టుకోండి. నన్నడిగితే ఏప్రిల్, మే నెలల్లో రమ్మంటాను. జూలై, ఆగస్టుల్లోనే వీలవుతుందంటే, గాలి ఎక్కువగా ఉన్న రోజు జాస్ మానేసి త్రాగెయా లోయకు తీసుకెళ్తాను. అక్కడ గోడలూ ఆలివ్ చెట్లూ గాలిని చాలావరకు ఆపుతాయి.