స్ప్లిట్ హొరైజన్ ఆన్‌లోనే ఉంది కదా, లూప్ ఎలా వచ్చింది సార్?

పోయిన వారం కూడా ఇదే ఫోన్. విజయనగరంలో ఒక మిల్లుకి నెట్‌వర్క్ చూసే కుర్రాడు. గొంతులో గాబరా. "సార్, ట్రేస్‌రూట్ కొడితే అవే మూడు ఐపీలు తిరిగి తిరిగి వస్తున్నాయి, కానీ స్ప్లిట్ హొరైజన్ ఆన్‌లోనే ఉంది సార్" అన్నాడు. ట్రేస్‌రూట్ చూపించేది ప్యాకెట్టు, అంటే డేటా ముక్క, ఏయే రౌటర్ల (దారి చూపే డబ్బాల) మీదుగా పోతోందో. అవే మళ్లీ మళ్లీ వస్తున్నాయంటే ప్యాకెట్టు గమ్యం చేరకుండా గుండ్రంగా తిరుగుతోందని, అదే రూటింగ్ లూప్. స్ప్లిట్ హొరైజన్ అది రాకుండా రౌటర్లలో పెట్టే ఒక నియమం. ఆ "కానీ" దగ్గరే ఉంది గొడవంతా. శ్రీకాకుళం, విజయనగరం మధ్య తిరుగుతూ ఆఫీసులకీ గోడౌన్లకీ లింకులు కలపడం నా పని. ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. కోచింగ్‌లో ఒక్క స్లైడుతో చెప్పేస్తారు, ఇంటర్వ్యూలో అదే అడుగుతారు, కుర్రాళ్లు అదే నమ్ముకుని డ్యూటీలో చేరిపోతారు. అందుకే ఒకసారి కూర్చుని రాసేస్తున్నా.

అపోహ: స్ప్లిట్ హొరైజన్ ఉంటే రూటింగ్ లూప్ రాదు

ఇద్దరి మధ్య రాదు. ముగ్గురుంటే వస్తుంది. ఇదేమీ నేను కనిపెట్టింది కాదు, రిప్ (రౌటర్లు దారుల కబుర్లు చెప్పుకునే ఒక పాత పద్ధతి) మీద 1988లో వచ్చిన మొదటి ప్రమాణ డాక్యుమెంటులోనే, అంటే ఆర్ఎఫ్‌సీ 1058లోనే, ఆ సంగతి ఉంది. చదివేవాళ్లు లేరంతే.

రిప్ డిస్టెన్స్ వెక్టర్ జాతిది. డిస్టెన్స్ వెక్టర్ అంటేనే చెప్పుడు మాటల రూటింగ్. రౌటర్ దగ్గర మ్యాపు ఉండదు, పక్కవాడు "నా మీదుగా ఫలానా ఊరు ఇంత దూరం" అంటే నమ్మడమే. స్ప్లిట్ హొరైజన్ చేసేదల్లా, ఎవరి దగ్గర విన్నామో ఆ మాట తిరిగి వాళ్లకే చెప్పకుండా చూడడం. కానీ మీరు పక్కింటావిడకి చెప్పిన మాట ఆవిడ మీకు మళ్లీ చెప్పకపోవచ్చు, ఎదురింటికి చెబుతుంది, ఆ ఎదురింటావిడ సాయంత్రం మీ అరుగు మీద కూర్చుని కొత్త కబురులా మీకే చెబుతుంది.

నాకు ఇది తెలిసొచ్చిన రోజు చెబుతా. కొన్నేళ్ల కిందటి మాట. ఒక జీడిపప్పు వ్యాపారికి శ్రీకాకుళంలో ఆఫీసు, నరసన్నపేటలో, టెక్కలిలో బ్రాంచీలు, పలాసలో గోడౌన్. మూడు ఆఫీసుల రౌటర్లనీ త్రిభుజంలా కలిపాను, ఒక లింకు పోతే ఇంకోటి ఉంటుందని. పలాస గోడౌన్ మాత్రం టెక్కలి వెనకాల ఒక్క లింకు మీద ఉండేది. నరసన్నపేట–టెక్కలి లింకు టవర్ మీద వైర్‌లెస్, మబ్బు పడితే చాలు ప్యాకెట్లు రాలిపోయేవి. అన్నిట్లో రిప్, అన్నిట్లో స్ప్లిట్ హొరైజన్.

ఒక వానరోజు పలాస లింకు పోయింది. టెక్కలి రౌటర్ వెంటనే "పలాస 16" అని ఇద్దరికీ చెప్పింది. రిప్‌లో 16 అంటే దారి లేదని. శ్రీకాకుళానికి ఆ కబురు అందింది, నరసన్నపేటకి అందలేదు, దారిలోనే పోయింది. రిప్ అప్‌డేట్ వెళ్లేది యూడీపీ మీద, పోర్టు 520. అందిందా లేదా అని అడిగే నాథుడు ఉండడు. నరసన్నపేట టేబుల్లో పలాస ఇంకా టెక్కలి మీదుగా 1 హాప్ (దారిలో ఒక రౌటర్) అనే ఉంది. దాని టైమర్ రాగానే అమాయకంగా శ్రీకాకుళానికి చెప్పింది. ఆ మాట విన్నది టెక్కలి దగ్గర కాబట్టి శ్రీకాకుళానికి చెప్పడానికి స్ప్లిట్ హొరైజన్ అడ్డు రాదు. శ్రీకాకుళం 2 అని రాసుకుని టెక్కలికి చెప్పింది. టెక్కలి, పలాస లింకు పోయిందని అందరికన్నా ముందు తెలిసిన టెక్కలే, "ఓహో, శ్రీకాకుళం మీదుగా దారి ఉందన్నమాట" అని 3 రాసుకుంది. అది నరసన్నపేటకి చేరి 4, మళ్లీ శ్రీకాకుళంలో 5. ఇలా 16 దాకా ఎక్కాలి. పాయిజన్ రివర్స్ (ఎవరి దగ్గర విన్నామో వాళ్లకి 16 అని తిరిగి చెప్పడం) పెట్టినా ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే ఎవరూ తమకు చెప్పినవాడికి తిరిగి చెప్పడం లేదు, ఒకే వైపు గుండ్రంగా తిరుగుతోంది మాట.

ట్రిగ్గర్డ్ అప్‌డేట్లు (మార్పు రాగానే పంపే కబుర్లు) సరిగ్గా నడిస్తే ఈ ఎక్కడం నిమిషంలో అయిపోవచ్చు. ఒక్కో మెట్టుకీ 30 సెకన్ల మామూలు అప్‌డేట్ కోసం ఆగాల్సివస్తే నాలుగైదు నిమిషాలు. ఈలోగా పలాసకి వెళ్లాల్సిన ప్రతి ప్యాకెట్టూ నరసన్నపేట, టెక్కలి, శ్రీకాకుళం, మళ్లీ నరసన్నపేట. విండోస్ మెషీన్ నుంచి బయలుదేరిన ప్యాకెట్టుకి టీటీఎల్ (ఎన్ని రౌటర్లు దాటాక చావాలో చెప్పే లెక్క) 128 కాబట్టి ఒక్కోటీ నలభై చుట్లు దాటి తిరిగి అప్పుడు చచ్చేది. పలాసతో ఏ సంబంధమూ లేని నరసన్నపేట బిల్లింగ్ కూడా అందుకే ఆగిపోయింది. లింకులు నిండిపోతే రూటింగ్ అప్‌డేట్లు కూడా ఆ రద్దీలోనే పోతాయి, దాంతో లూప్ ఇంకా సాగుతుంది.

సరే, సిస్కో రౌటర్లలో దీనికే కదా హోల్డ్‌డౌన్ ఉన్నది? 180 సెకన్లు. "పలాస పోయింది" అని విన్న శ్రీకాకుళం మూడు నిమిషాల పాటు ఎవరు కొత్త దారి ఉందని చెప్పినా నమ్మకూడదు. మరి ఎందుకు నమ్మింది? ఎందుకంటే అంతకు నెల ముందు నేనే హోల్డ్‌డౌన్ సున్నా చేశాను. లింకు తిరిగొచ్చాక కూడా మూడు నిమిషాలు ఆగాల్సి వస్తోందని ఓనరు విసుక్కుంటే, టైమర్స్ బేసిక్ 30 180 0 240 (మూడో అంకె హోల్డ్‌డౌన్) కొట్టేసి, ఎంత తెలివైనవాణ్నో అనుకుంటూ ఇంటికెళ్లాను.

పైగా హోల్డ్‌డౌన్ రిప్ ప్రమాణంలో లేదు, అది సిస్కో పెట్టుకున్నది. వేరే కంపెనీ డబ్బాలో ఉండకపోవచ్చు. త్రిభుజంలో రెండు సిస్కోలు, ఒక చవక డబ్బా కలిపేవాళ్లు ఇది గుర్తుంచుకోండి.

అపోహ: రీబూట్ చేస్తే పోతుంది

ఆ రోజు నేను చేరేలోపు ఆఫీసువాళ్లు శ్రీకాకుళం రౌటర్‌ని నాలుగుసార్లు ఆపి మళ్లీ ఆన్ చేశారు. రిప్ లేచిన వెంటనే చేసే మొదటి పని పక్కవాళ్లని "మీ టేబుల్ మొత్తం ఇవ్వండి" అని అడగడం. నరసన్నపేట తన దగ్గరున్న పాత అబద్ధం మొత్తం ఇచ్చేస్తుంది. హోల్డ్‌డౌన్ నడుస్తున్న రౌటర్‌ని రీబూట్ చేస్తే ఆ జాగ్రత్త కూడా చెరిగిపోతుంది. ఇంకో రెండు నిమిషాలు ఓపిక పడితే సర్దుకునేదాన్ని మీ చేత్తోనే మళ్లీ మొదలుపెట్టినట్టు.

వాళ్లని తిట్టలేను. అక్కడి గుమాస్తా గారు పెద్దాయన, నన్ను చూడగానే లేచి, "బాబూ, మా లెక్కలన్నీ ఎవడో పట్టుకుపోనాడేటి?" అన్నారు, చేతులు వణుకుతున్నాయి. లైట్లన్నీ టపటపా కొట్టుకుంటుంటే వైరస్ అని ఎవరో వాట్సాప్‌లో పెట్టారట. ఇలాంటివి ఫార్వర్డ్ చేసేవాళ్లని ఏమనాలో నాకు తెలియదు. రూటింగ్ లూప్‌లో మీ డేటాని ఎవడూ పట్టుకుపోడు. ప్యాకెట్టు చేరదు, అంతే. సర్వర్లో ఉన్న లెక్కలు సర్వర్లోనే ఉంటాయి. పెద్దాయనకి మంచినీళ్లిచ్చి, నరసన్నపేటలో ఆ ఒక్క రూటూ క్లియర్ చేశాను, ముప్పై లైన్లు చుట్టిన ట్రేస్ అన్‌రీచబుల్ అని ఆగింది. పలాస లింకు ఎలాగూ రాత్రికి గాని రాలేదు.

మిగతావి గబగబా.

టీటీఎల్ ఉంది కాబట్టి లూప్ రాదంటారు. టీటీఎల్ చంపేది ప్యాకెట్టుని, లూప్‌ని కాదు.

స్పానింగ్ ట్రీ పెట్టాం కదా అంటారు. అది స్విచ్చుల మధ్య లూప్ ఆపే సంగతి, రౌటర్ల త్రిభుజానికీ దానికీ సంబంధం లేదు.

16 మరీ తక్కువ, పెంచే దారి చూడండి అని ఒకాయన అడిగాడు. తక్కువ పెట్టిందే త్వరగా ఎక్కేసి ఆగిపోవాలని. 100 పెడితే వంద దాకా తిరుగుతుంది.

స్టాటిక్ రూట్లకి (చేత్తో రాసిపెట్టే దారులకి) లూప్ రాదు అనేది కూడా తప్పే. హెడ్డాఫీసులో 10.20.0.0/16 అడ్రసులు మొత్తం బ్రాంచి వైపు తిప్పి, బ్రాంచిలో డిఫాల్ట్ రూట్ (తెలియనివన్నీ పంపే దారి) హెడ్డాఫీసు వైపు పెడితే, బ్రాంచిలో వాడని ప్రతి సబ్‌నెట్టూ ఇద్దరి మధ్య బంతాటే. బ్రాంచి రౌటర్లో అదే /16కి నల్ జీరో రూట్ (వచ్చింది వచ్చినట్టు పారేసేది) ఒక్కటి పెట్టండి, ఒక్క లైను.

డిస్టెన్స్ వెక్టర్ అంటేనే లూపులు అనుకోవడం మాత్రం అన్యాయం. సిస్కో తయారుచేసిన ఈఐజీఆర్‌పీ కూడా ఆ జాతిదే, 2016లో ఆర్ఎఫ్‌సీ 7868గా బయటికొచ్చింది. దాని లోపల గార్సియా లూనా ఆసెవెస్ తయారుచేసిన డ్యుయల్ అనే పద్ధతి ఉంటుంది. లెక్క సులువు: పక్కవాడు చెప్పే సొంత దూరం, నాకు ఇప్పటిదాకా ఉన్న అతి తక్కువ దూరం కంటే తక్కువైతేనే వాడి మాట మీద వెంటనే దారి మారుస్తా. మా త్రిభుజంలో హాపుల లెక్కే పెట్టి చూడండి. శ్రీకాకుళానికి పలాస 1, నరసన్నపేట చెప్పేదీ 1. ఒకటి ఒకటికంటే తక్కువ కాదు కాబట్టి ఆ మాట అక్కడే ఆగేది. బేబెల్ అనే ఇంకో రూటింగ్ పద్ధతికి 2021లో వచ్చిన ప్రమాణంలోనూ ఇలాంటి షరతే ఉంది.

విజయనగరం కుర్రాడి చేత షో ఐపీ ప్రోటోకాల్స్ కమాండ్ కొట్టించాను. హోల్డ్‌డౌన్ 0. "ఎవరు పెట్టారు?" అన్నా. కాసేపు మాట లేదు. తర్వాత మెల్లిగా, "లింకు త్వరగా రావాలని నేనే సార్" అన్నాడు. 180 పెట్టమని చెప్పి, మూడు రౌటర్లే కాబట్టి వచ్చే ఆదివారం ఓఎస్‌పీఎఫ్‌కి (చెప్పుడు మాటలు కాక ప్రతి రౌటరూ మ్యాపు ఉంచుకునే పద్ధతికి) మారుద్దాం, నేనొస్తా అన్నాను.