కుటుంబ వ్యాపారంలో గవర్నెన్స్: అపోహలు - వాస్తవాలు

కుటుంబ కంపెనీలకు గవర్నెన్స్ (నిర్ణయాలు ఎవరు, ఎలా తీసుకోవాలనే ఏర్పాటు) మీద సలహాదారుగా పనిచేసే నాకు మొదటి మీటింగ్‌లోనే వినిపించే మాట: "మాకు బోర్డు ఉందండీ." ఉంటుంది, ఏడాదికోసారి సంతకాలు పెట్టడానికి.

అపోహ: జీతం, డివిడెండ్, అద్దె... ఏ పేరుతో తీసుకున్నా ఇంటి డబ్బే కదా.

నేను చూసిన గొడవల్లో చాలావరకు ఇక్కడే మొదలయ్యాయి. అన్నదమ్ములిద్దరికీ సమాన వాటాలు. ఒకరు పొద్దస్తమానం కంపెనీలోనే ఉంటారు, మరొకరు వేరే చోట డాక్టరు. నెలనెలా ఇద్దరికీ ఒకే మొత్తం ఇస్తే పనిచేసేవారికి కడుపుమంట. లాభమంతా జీతం పేరుతో ఒకరికే పోతే రెండోవారి వాటాకు విలువే లేదు. చేసిన పనికి జీతం, వాటాకు డివిడెండ్, కంపెనీ వాడుకునే సొంత స్థలానికి మార్కెట్ రేటులో అద్దె. ఈ మూడు లెక్కలూ విడిగా ఉండాలి.

హార్వర్డ్‌లో రెనాటో టాగియూరి, జాన్ డేవిస్ 1978లో రూపొందించిన మూడు వృత్తాల నమూనా నాకు ఇప్పటికీ పనికొస్తోంది: కుటుంబం, వాటాదారులు, వ్యాపారం. పెద్దాయన మూడింట్లోనూ ఉంటారు, కోడలు ఒక్క కుటుంబంలోనే ఉండొచ్చు. కొడుకు ఉద్యోగం గురించి ఆయన తండ్రిగా మాట్లాడుతున్నారా, ఛైర్మన్‌గానా? తండ్రిగా అయితే ఆ మాటలకు చోటు ఫ్యామిలీ కౌన్సిల్ (కుటుంబ విషయాలు మాట్లాడుకునే ఇంటివాళ్ల సభ), బోర్డు కాదు.

అపోహ: మన మధ్య కాగితాలెందుకు?

అందరూ బాగున్నప్పుడే రాసుకోవాలి. మాటలు పడిపోయాక ప్రతి వాక్యమూ ఎవరో ఒకరి మీద గురిపెట్టినట్టే కనిపిస్తుంది. వాటా అమ్మదలిస్తే ముందు ఎవరిని అడగాలి, ధర ఎలా కట్టాలి, డబ్బు ఎన్ని వాయిదాల్లో ఇవ్వాలి, మనిషి పోతే వాటా ఎవరికి... ఇవి తేలాలి. అన్నిటికన్నా ముఖ్యం ధర కట్టే పద్ధతి. అందరూ దాటేసేదీ అదే!

వీటిని కుటుంబ రాజ్యాంగంలో, అంటే ఇంటివాళ్లంతా కలిసి రాసుకునే నియమాల పత్రంలో, అందంగా రాసి వదిలేస్తే చాలదు. చాలాచోట్ల దానికి నైతిక బలమే తప్ప చట్టబలం ఉండదు. షేర్‌హోల్డర్ల ఒప్పందంలోనూ, కంపెనీ నియమావళిలోనూ అదే మాట ఉండాలి.

అపోహ: బయటివాళ్లను బోర్డులోకి తెస్తే పట్టు పోతుంది.

ఫోర్డ్ కుటుంబానికి కంపెనీలో ఉన్న వాటా చిన్నదే, కానీ ప్రత్యేక తరగతి షేర్ల వల్ల 40 శాతం ఓట్లు వారి చేతిలోనే ఉన్నాయి. 1668లో మొదలైన జర్మనీ ఫార్మా కంపెనీ మెర్క్‌లో నేటికీ మెజారిటీ వాటా కుటుంబానిదే, నడిపేది మాత్రం బయటి నిపుణులు.

అడిగేవాళ్లు లేకపోతే ఏమవుతుందో ఇటలీలోని పాల ఉత్పత్తుల కంపెనీ పార్మలాట్ చూపించింది. కంపెనీ డబ్బు వ్యవస్థాపక కుటుంబపు టూరిజం సంస్థలకు మళ్లింది. ఖాతాలో 395 కోట్ల యూరోలున్నాయని చూపిన పత్రం నకిలీదని 2003 డిసెంబరులో బ్యాంక్ ఆఫ్ అమెరికా తేల్చేసింది. కంపెనీ కూలింది. అయితే మీ పెద్దాయన పాత స్నేహితుణ్ని ఇండిపెండెంట్ డైరెక్టర్ (కుటుంబంతో, కంపెనీతో సంబంధం లేని బోర్డు సభ్యుడు) అని కూర్చోబెట్టినా ఫలితం ఉండదు. సొంతవాళ్ల సంస్థతో లావాదేవీ ఓటుకొచ్చినప్పుడు సంబంధం ఉన్నవారు పక్కకు తప్పుకోవాలి, ఆ సంగతి మినిట్స్‌లో (మీటింగ్ నమోదు పుస్తకంలో) రాయాలి.

అపోహ: వారసుడెవరో పెద్దాయన మనసులో ఉంది.

ఆయన రేపు ఆసుపత్రిలో చేరితే చెక్కుల మీద సంతకం ఎవరు పెడతారు? వారసత్వ ప్రణాళిక తర్వాత రాసుకోవచ్చు, ముందు బ్యాంకులో రెండో సంతకానికి తీర్మానం చేయించండి.