కూలివాడి లినెన్ చొక్కా

అర్థశాస్త్రానికి ఆద్యుడనే ఆడమ్ స్మిత్ పేరు చెప్పగానే చాలామందికి గుర్తొచ్చేది లాభం, మార్కెట్టు, అదృశ్య హస్తం. ఎవరి స్వార్థం వాళ్లు చూసుకుంటే లోకం దానంతటదే బాగుపడుతుందన్నాడని కాలేజీలో చదువుకుంటాం. ఇది ఆయనకు చేస్తున్న అన్యాయం. 1752 నుంచి 1764 దాకా గ్లాస్గో విశ్వవిద్యాలయంలో ఆయన చెప్పిన పాఠం నీతిశాస్త్రం. 'దేశాల సంపద' 1776లో వస్తే, దానికి 17 ఏళ్ల ముందే 'నైతిక భావాల సిద్ధాంతం' వచ్చింది. ఆ పుస్తకం చదవకపోతే 'దేశాల సంపద' సగమే అర్థమవుతుంది.

ఆ మొదటి పుస్తకంలో ఒక ఘట్టం ఉంది. చైనా మొత్తం భూకంపంలో కూరుకుపోయిందన్న కబురు యూరప్‌లో ఒకాయనకు చేరింది. అయ్యో పాపం అంటాడు, బతుకు ఎంత క్షణికమోనని నాలుగు మాటలు మాట్లాడతాడు, రాత్రికి గురక పెట్టి నిద్రపోతాడు. అదే మనిషికి రేపు తన చిటికెనవేలు పోతుందని తెలిస్తే కంటి మీద కునుకుండదు. మరి ఆ వేలు దక్కించుకోవడానికి అన్ని కోట్ల ప్రాణాలు బలిపెడతాడా? ఆ ఊహకే ఒళ్లు జలదరిస్తుంది. ఇంత స్వార్థపరుణ్ణి ఆపుతున్నదేమిటి? దయకు అంత బలం లేదంటాడు స్మిత్. మన లోపలే ఉండి, మనల్ని పరాయివాడిలా చూసే నిష్పక్షపాత సాక్షి ఒకడున్నాడు. ఇంతమందిలో నువ్వూ ఒకడివే, ఎవరికన్నా ఎక్కువ కాదు అని చెప్పేది అతడే.

నలుగురి మధ్య బతికితేనే ఈ సాక్షి తయారవుతాడు. అందుకే 'దేశాల సంపద'లో పన్నుల గురించి రాస్తూ కూడా స్మిత్ ఒక చొక్కా దగ్గర ఆగుతాడు. గ్రీకులు, రోమన్లు లినెన్ (అవిసె నారతో నేసిన బట్ట) లేకుండానే హాయిగా బతికారు. కానీ తన కాలపు యూరప్‌లో పరువుగల కూలివాడు లినెన్ చొక్కా లేకుండా బయటికి రావడానికి సిగ్గుపడతాడు. కాబట్టి అది కూడా నిత్యావసరమే అని తేల్చాడు. తిండి, నీడతో పాటు నలుగురిలో తలెత్తుకుని తిరగగలగడం కూడా అవసరాల్లో చేరింది. పేదరికం గురించి రాసేటప్పుడు ఆర్థికవేత్త అమర్త్య సేన్ ఈ చొక్కానే పదేపదే గుర్తుచేశారు.

ఎదుటివాడి కష్టం కంటికి ఆనని చోట ఏమవుతుందో స్మిత్ ఈస్టిండియా కంపెనీలో చూశాడు. ఆ రోజుల్లో మన ఉత్తర సర్కారులు కూడా చాలావరకు దాని చేతిలోనే ఉన్నాయి. బెంగాల్‌లో వానలు లేక వచ్చిన కొరత కరువుగా మారడానికి, బియ్యం వ్యాపారం మీద కంపెనీ ఉద్యోగులు పెట్టిన ఆంక్షలు కూడా బహుశా కారణమేనని రాశాడు. లండన్‌లో వెయ్యి పౌండ్ల కంపెనీ వాటా కొంటే వాటాదారుల సభలో ఓటు వచ్చేది. దోపిడీలో భాగం దక్కకపోయినా, దోచుకునేవాళ్లను నియమించడంలో మాట చెల్లేది. ఏలుబడిలో ఉన్న జనం సుఖదుఃఖాలు ఇంతగా పట్టని పాలకులు మరెక్కడా లేరని, ఉండబోరని ఆ వాటాదారుల గురించి స్మిత్ తీర్పు చెప్పాడు.