అంపైర్ పిడికిలి ఎత్తగానే డగౌట్‌కు నడవకండి: సాఫ్ట్‌బాల్ స్ట్రైకులపై అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో సాఫ్ట్‌బాల్‌కు వచ్చే పిల్లల్లో చాలామంది ఇంట్లో చూసి పెరిగింది క్రికెట్టే. అక్కడ అంపైర్ వేలు లేచిందంటే బ్యాట్ చంకలో పెట్టుకుని నడవడమే. ఆ అలవాటుతోనే మా ఆటకూ వస్తారు. ఔట్ కాకుండానే డగౌట్‌కు వెళ్లిపోయే పిల్లల్ని అంపైర్‌గా ప్లేట్ (బ్యాటర్ పక్కన నేల మీదుండే పలక) వెనక నిలబడి చూస్తూనే ఉంటాను. ఏమీ అనలేను. అందుకే ముందు దాని సంగతి తేలుద్దాం. మిగతావి అంత ప్రాణం మీదికొచ్చేవి కావు.

అపోహ: మూడో స్ట్రైక్‌కు పిడికిలి లేచిందంటే బ్యాటర్ ఔట్.

వాస్తవం: ఆ పిడికిలి చెప్పేది స్ట్రైక్ (బ్యాటర్ ఊపి మిస్సయిన బంతి, లేదా కొట్టదగ్గ చోట వచ్చినా వదిలేసిన బంతి) అని మాత్రమే. ఔట్‌కు కూడా మేం అదే కుడి పిడికిలి ఎత్తుతాం కాబట్టి చూసేవాళ్లకు తేడా తెలియదు, అందులో వాళ్ల తప్పు లేదు. కానీ మూడో స్ట్రైక్‌ను క్యాచర్ (బ్యాటర్ వెనక కూర్చుని బంతి అందుకునే ఫీల్డర్) బంతి నేలకు తగలకుండా పట్టాలి. పట్టకపోతే, ఫస్ట్ బేస్ ఖాళీగా ఉంటే, లేదా అప్పటికే ఇద్దరు ఔటై ఉంటే, బ్యాటర్ ఫస్ట్ బేస్‌కు పరుగెత్తవచ్చు. క్యాచర్ ఆమెను ట్యాగ్ చెయ్యాలి, అంటే బంతితో తాకాలి, లేదా ఆమెకంటే ముందు బంతిని ఫస్ట్‌కు చేర్చాలి. బ్యాట్ ఊపి మిస్సయినా, ఊపకుండా నిలబడి స్ట్రైక్ పడినా రూల్ ఒకటే.

ఫస్ట్ బేస్ మీద రన్నర్ ఉండి, ఇద్దరికంటే తక్కువ మంది ఔటైనప్పుడు మాత్రం పరుగెత్తే హక్కు లేదు, బ్యాటర్ నేరుగా ఔటే. ఎందుకంటే అప్పుడూ పరుగెత్తనిస్తే క్యాచర్ కావాలనే బంతి వదిలేసి, బ్యాటర్ కోసం ఫస్ట్ బేస్ ఖాళీ చెయ్యక తప్పని రన్నర్‌ను కూడా కలిపి, ఒకే దెబ్బకు ఇద్దర్ని ఔట్ చేస్తుంది.

పట్టడం అన్న దగ్గరే అసలు తంటా. బంతి ప్లేట్ వెనక మట్టిలో ఒక్కసారి తగిలి, గ్లవ్‌లోకి చక్కగా వచ్చి కూర్చుంటుంది. క్యాచర్ దాన్ని పైకెత్తి చూపిస్తుంది. ఫెన్స్ అవతల ఉన్న తల్లిదండ్రులకు అది పట్టినట్టే కనిపిస్తుంది. కాదు. నేలను తాకాక గ్లవ్‌లో ఎంత గట్టిగా పట్టుకున్నా అది పట్టనట్టే లెక్క. నేను చూసేది గ్లవ్‌ను కాదు, గ్లవ్ కింద దుమ్ము లేచిందా లేదా అని.

సికింద్రాబాద్‌లో ఒక స్కూళ్ల మ్యాచ్. ఇద్దరు ఔట్, థర్డ్ బేస్ మీద రన్నర్. బ్యాటింగ్‌లో ఉన్న అమ్మాయి గట్టిగా ఊపింది, తగల్లేదు. బంతి క్యాచర్ షిన్ గార్డుకు కొట్టుకుని పక్కకు దొర్లింది. నా పిడికిలి లేచింది. అమ్మాయి తల వంచుకుని, బ్యాటింగ్ గ్లవ్ పట్టీ ఊడదీసుకుంటూ డగౌట్ వైపు కదిలింది. వాళ్ల కోచ్ “ఉరుకు బిడ్డా, ఉరుకు!” అని గొంతు చించుకుంటున్నాడు. ఆమె ఆగి నన్నే చూసి “ఔట్ కదా సార్?” అంది. నేను జవాబు చెబితే ఒక జట్టుకు కోచింగ్ ఇచ్చినట్టవుతుంది. నోరు మూసుకుని నిలబడ్డాను. ఆమె డగౌట్‌లో అడుగుపెట్టాక ఔట్ ఇచ్చాను. ఔట్ అయింది అప్పుడు, అంతకు ముందు కాదు. మ్యాచ్ అయ్యాక వాళ్లమ్మ వచ్చి “గట్లెట్ల సార్, మీరే చెయ్యి లేపిన్రు గదా?” అని అడిగింది. ఆవిడకు కోపం కంటే బాధే ఎక్కువుంది. స్పోర్ట్స్ కోటా మీద ఆశ పెట్టుకున్న ఇళ్లలో ఒక్కో మ్యాచ్‌కు ఎంత టెన్షన్ ఉంటుందో నాకు తెలియనిది కాదు. కూర్చోబెట్టి ఇదంతా చెప్పాను.

పిల్లలే కాదు, పెద్దపెద్దవాళ్లూ ఇక్కడే బోల్తా పడ్డారు. అమెరికా బేస్‌బాల్‌లోనూ ఈ రూల్ ఉంది. 2005లో అక్కడి అమెరికన్ లీగ్ ఛాంపియన్‌షిప్ సిరీస్ రెండో మ్యాచ్, వైట్‌సాక్స్, ఏంజెల్స్ మధ్య. తొమ్మిదో ఇన్నింగ్స్, స్కోరు 1-1, ఇద్దరు ఔట్. ఏ.జె. పియర్జిన్‌స్కీ మూడో స్ట్రైక్‌కు ఊపి మిస్సయ్యాడు. ప్లేట్ అంపైర్ డగ్ ఎడింగ్స్ పిడికిలి బిగించాడు. మూడో ఔట్‌తో ఇన్నింగ్స్ అయిపోయిందనుకుని ఏంజెల్స్ క్యాచర్ జాష్ పాల్ బంతిని పిచ్చర్ దిబ్బ వైపు దొర్లించేశాడు. పియర్జిన్‌స్కీ ఒక్క క్షణం తటపటాయించి ఫస్ట్‌కు పరుగు తీశాడు. బంతి నేలకు తగిలిందని ఎడింగ్స్ నిర్ణయం. ఆ తర్వాత జో క్రీడీ డబుల్ (బ్యాటర్ సెకండ్ బేస్ దాకా చేరే దెబ్బ) కొట్టాడు, వైట్‌సాక్స్ 2-1తో గెలిచింది. ఆ ఏడాది ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్ కూడా వాళ్లదే, 1917 తర్వాత మొదటిసారి. బంతి నిజంగా తగిలిందా లేదా అని ఇప్పటికీ కొట్టుకుంటారు. నన్నడిగితే ఆ గొడవ అనవసరం. క్యాచర్ ఆ బంతితో బ్యాటర్‌ను ఒకసారి తాకి ఉంటే సరిపోయేది.

కోచ్‌లకు నేను చెప్పేది ఇదే. మూడో స్ట్రైక్ పడితే బ్యాటర్ వెనక్కి తిరిగి చూడాల్సింది అంపైర్‌ను కాదు, బంతిని. అనుమానం ఉంటే పరుగెత్తడమే, పోయేదేమీ లేదు. క్యాచర్‌కు అనుమానం ఉంటే ట్యాగ్ చెయ్యాలి. కొందరు అంపైర్లు “నో క్యాచ్” అని అరిచి చేతులు చాపి చూపిస్తారు, కొందరు చూపించరు. దాని మీద ఆధారపడొద్దు. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి, స్లోపిచ్‌లో (బంతిని నెమ్మదిగా, ఎత్తుగా వేసే సాఫ్ట్‌బాల్‌లో) ఈ రూలే లేదు. చిన్నపిల్లల టోర్నమెంట్లలో నిర్వాహకులు తీసేస్తుంటారు కూడా, మ్యాచ్‌కు ముందే అడిగి తెలుసుకోండి.

అపోహ: అంపైర్ అరవలేదు, అంటే స్ట్రైక్ ఇవ్వలేదు.

ఊపి మిస్సయితే మేం నోరు విప్పం, పిడికిలి మాత్రమే చూపిస్తాం. అందరూ చూసిందే కదా. ఊపకుండా వదిలేసిన బంతి స్ట్రైకైతేనే గొంతు, చెయ్యి రెండూ. బాల్ (బ్యాటర్ ఊపకుండా వదిలేసిన, స్ట్రైక్ కాని బంతి) అయితే మాట మాత్రమే, చెయ్యి లేవదు.

అపోహ: చెయ్యి ఆలస్యంగా లేచిందంటే అంపైర్‌కు అనుమానం ఉన్నట్టు, గట్టిగా అడిగితే మారుస్తాడు.

ఇది ఏ వాట్సాప్ గ్రూపులో పుట్టిందో తెలియదు కానీ ప్రతి టోర్నమెంట్‌లో ఎవరో ఒకరు పట్టుకొస్తారు. బంతి గ్లవ్‌లో పడేదాకా కళ్లతో వెంబడించి, ఒక క్షణం ఆగి చెప్పమనే మాకు నేర్పుతారు. తొందరపడి చెప్పేవాడి దగ్గరే తప్పులెక్కువ.

అపోహ: మూడో స్ట్రైక్‌కు అంత జోరుగా చెయ్యి విసిరేది పిల్లల్ని అవమానించడానికే.

అది ఎవరి స్టైల్ వాళ్లది. మరీ నాటకం చేసేవాళ్లను చూస్తే నాకూ చిరాకే, కానీ మీ పాప మీద కక్షేమీ ఉండదు.

ఫౌల్ టిప్‌కు (బ్యాట్‌ను రాసుకుంటూ నేరుగా క్యాచర్ చేతికి చిక్కిన బంతికి) ఎడమ చేతి వెనక భాగాన్ని కుడి చేతివేళ్లతో రాసి, తర్వాత పిడికిలి చూపిస్తాం. అది ఫౌల్ కాదు, స్ట్రైకే. ఆట ఆగదు, రన్నర్లు తర్వాతి బేస్‌కు పరుగెత్తి దాన్ని దొంగిలించవచ్చు. రెండు చేతులూ పైకి లేస్తేనే ఆట ఆగినట్టు. బ్యాట్ సగం ఊపి ఆపినప్పుడు ప్లేట్ అంపైర్ బాల్ అంటే, బేస్ అంపైర్‌ను అడగమని కోరవచ్చు. ఆయన పిడికిలి చూపిస్తే స్ట్రైక్, చేతులు చాపితే కాదు.

ఈ సైగలన్నీ వినికిడి లేని బేస్‌బాల్ ఆటగాడు విలియం హోయ్ కోసమే పుట్టాయని చెప్పే కథ కూడా తిరుగుతుంటుంది. హోయ్ 1888 నుంచి 1902 దాకా మేజర్ లీగుల్లో ఆడినమాట నిజం. కానీ ఆయన కోసం అంపైర్లు చేతులెత్తారనడానికి ఆ కాలపు ఆధారాలు దొరకలేదు. థర్డ్ బేస్ దగ్గరున్న సొంత కోచే ఆయనకు సైగ చేసేవాడు.

చివరగా, ఫిర్యాదుల సంగతి. బంతి స్ట్రైకా బాలా అన్నది అంపైర్ తీర్పు, దాని మీద ప్రొటెస్ట్ చెల్లదు. కానీ ఇద్దరు ఔటై ఉండగా, క్యాచర్ పట్టని మూడో స్ట్రైక్‌కు అంపైర్ ‘రూల్ ప్రకారం నేరుగా ఔట్’ అన్నాడనుకోండి, అది రూల్ తప్పుగా వాడటం. దాని మీద ప్రొటెస్ట్ చెయ్యవచ్చు. అది కోచ్ చెయ్యాలి, ఫెన్స్ పట్టుకుని అరిచే నాన్నలు కాదు, అదీ తర్వాతి బంతి వేసేలోపే.